సైన్స్ ఫిక్షన్ పిల్లల వ్యవహారమా? మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక్క ఎపిసోడ్ చూపించాలంటే ఏది చూపిస్తారు?

పెన్నా_ఒడ్డు:

అందరికీ నమస్కారం. నేను టీవీలో సైన్స్ ఫిక్షన్ పెట్టినప్పుడల్లా "ఇంకా ఆ బొమ్మల పిచ్చి పోలేదా నీకు" అంటుంది మా అమ్మ. ఆమెననడానికి లేదు, ఎప్పుడు హాల్లోకి వచ్చినా ఆమె కంటబడింది పేలిపోతున్న ఓడలూ, నుదుటి మీద గట్లు గట్లుగా ఉన్న మనుషులూ. మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు పట్టుబట్టి ఒకటి చూపించాను. స్టార్ ట్రెక్ నెక్స్ట్ జెనరేషన్‌లో 'ది ఇన్నర్ లైట్'. 1992 జూన్‌లో వచ్చింది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు కూడా తెచ్చుకుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. నలభై అయిదు నిమిషాల ఎపిసోడ్‌ని ఆపుకుంటూ, చెప్పుకుంటూ రెండు రాత్రులు చూశాం.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తాను. అంతరిక్షంలో తేలుతున్న ఒక పాత యంత్రం నుంచి ఒక కిరణం వచ్చి కెప్టెన్ పికార్డ్‌ని తాకుతుంది, ఆయన పడిపోతాడు. కళ్ళు తెరిచేసరికి ఎవరిదో ఊరు. పక్కన ఒకావిడ, నేను నీ భార్యని, నీకు జ్వరం వచ్చి తగ్గింది, నీ పేరు కామిన్, నువ్వు ఇనుముతో పనిచేసేవాడివి అంటుంది. ఆయన నమ్మడు. ఏళ్ళ తరబడి ఆకాశం చూస్తూ తన ఓడ కోసం లెక్కలు వేసుకుంటాడు. తరవాత మెల్లగా ఆ ఇంటివాడే అయిపోతాడు. పిల్లలు పుడతారు, వేణువు నేర్చుకుంటాడు, ముసలివాడవుతాడు. ఇంతలో ఏటికేడు వానలు తగ్గిపోతుంటాయి, నేల ఎండిపోతుంటుంది. చివరికి తెలిసేదేమిటంటే ఆ గ్రహం వెయ్యేళ్ళ కిందటే తన సూర్యుడితో పాటు పోయింది, పోయేముందు తమని గుర్తుపెట్టుకునే మనిషి ఒక్కడైనా దొరకాలని వాళ్ళు ఆ యంత్రాన్ని పంపారు. ఓడ మీద గడిచింది పాతిక నిమిషాలు. ఆయన బతికింది నలభై ఏళ్ళు.

మాది అనంతపురం జిల్లా. జైసల్మేర్ తరవాత దేశంలో తక్కువ వాన పడేది మాకే అంటారు. కరువులో ఊరి మధ్య మొక్క నాటే సీను వచ్చినప్పుడు అమ్మ "ఆపు" అంది. ఆపాను. "దానికి నీళ్ళెవరు పోస్తారు?" అని అడిగింది. ఊరంతా పోస్తారమ్మా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. ఆ తరవాత కామిన్ పొలంలో మట్టి చేతిలోకి తీసుకుని చూస్తుంటే, నేను ఏమీ చెప్పకముందే, "అయిపోయింది ఆ నేల" అంది. మా నాన్న 2002లో శనక్కాయ చేలో అచ్చం అలాగే కూర్చున్నాడు, నాకూ గుర్తుంది.

ఇంకొకటి. కామిన్ భార్య ఎప్పుడూ చెప్పులు ఎక్కడపడితే అక్కడ వదలొద్దని గొణుగుతూ ఉంటుంది. చనిపోయేముందు కూడా ఆ చెప్పుల మాటే అంటుంది. అక్కడ అమ్మ కొంగు తీసుకుని కళ్ళు తుడుచుకుంది.

ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాను, చూస్తున్నాను, నాకు అర్థమైంది ఇదీ. మంచి సైన్స్ ఫిక్షన్ ఒకే ఒక్క అసాధ్యమైన సంగతి ఒప్పుకోమని అడుగుతుంది. అది ఒప్పుకున్నాక మిగతాదంతా ఇంటి సంగతే. ఆ ఇల్లు లేని కథ ఎన్ని ఓడలు పేల్చినా నాకు ఎక్కదు. మీరైతే ఏది చూపిస్తారు? పుస్తకాలైనా పర్లేదు, నేను కథ చెప్తాను అమ్మకి.

ఉప్పుగాలి:

చదువుతుంటే గొంతు పట్టేసింది అన్నా. కామిన్ కొడుకుగా వేసిన కుర్రాడు, పికార్డ్ వేషం వేసిన ప్యాట్రిక్ స్టూవర్ట్ సొంత కొడుకే, డేనియల్. అది తెలిశాక ఆ తండ్రీకొడుకుల సీన్లు మళ్ళీ చూడండి.

నా ఓటు డాక్టర్ హూ 'బ్లింక్' కి, 2007. రెప్ప వేస్తే మీదకొచ్చే రాతి దేవదూతల కథని అందరూ భయం కోసం చెప్పుకుంటారు కానీ నాకు అందులో ఆసుపత్రి సీను ఉంది చూశారూ, అదొక్కటి చాలు. శాలీ అనే అమ్మాయి పొద్దున ఒక కుర్ర పోలీసు ఆఫీసర్ని కలుస్తుంది, అతను ఫోన్ నంబర్ అడుగుతాడు, ఇస్తుంది. కాసేపటికే అతన్ని ఆ రాతి బొమ్మలు 1969లోకి నెట్టేస్తాయి. అదే రోజు ఆమెకి ఫోన్ వస్తుంది, ఆసుపత్రికి వెళ్తే మంచం మీద ముసలాయన. అతనే. కిటికీ బయట పొద్దున్నుంచీ కురుస్తున్న అదే వాన. ఆమెకి కొన్ని గంటలు, ఆయనకి ఒక జీవితం. వాన ఆగేదాకే తనకి టైముందని ఆయనకి ముందే తెలుసు. ఆ మంచం పక్కన ఆ అమ్మాయి కూర్చుంటుంది, వాన వెలిసేదాకా. సిరీస్ హీరో, డాక్టర్ అనేవాడు, ఆ ఎపిసోడ్‌లో కనిపించేదే కాసేపు. అయినా ఆ సీజన్లో నాకు గుర్తుండిపోయింది అదే.

నైట్‌షిఫ్ట్_న్యూజెర్సీ:

పెన్నా ఒడ్డు గారూ, మీ అమ్మగారి సంగతి బాగుంది, కాదనను. కానీ 'ఇన్నర్ లైట్' విషయంలో నాకు ఎప్పటినుంచో ఒక అభ్యంతరం ఉంది. ఒక మనిషిని అడక్కుండా పడేసి, అతని తలలోకి నలభై ఏళ్ళ బతుకు ఎక్కించడం ఏమిటి? ఒక భార్యని, ఇద్దరు పిల్లల్ని, ఒక మనవడిని ఇచ్చి, వాళ్ళెవరూ లేరని చెప్పి ఒక వేణువు చేతిలో పెడతారు. పైగా ఓడలో వాళ్ళు ఆ కిరణాన్ని మధ్యలో తెంపబోతే మనిషి చావుదాకా వెళ్తాడు. ఆ జాతి మీద జాలి ఉంది నాకు, అయినా అది చేసింది దౌర్జన్యమే. ఎపిసోడ్ ఆ ప్రశ్న అడగనే అడగదు. ఇంకా కోపం ఎందుకంటే వచ్చే వారం ఎపిసోడ్‌లో పికార్డ్ ఏమీ జరగనట్టు కుర్చీలో కూర్చుంటాడు. నలభై ఏళ్ళ సంసారం చేసి వచ్చినవాడికి కనీసం ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో అయినా గుర్తుంటుందా?

పెన్నా_ఒడ్డు:

వచ్చే వారం సంగతి ఒప్పుకుంటాను. అప్పటి టీవీ అంతే, వారం వారం పలక తుడిచేసేవాళ్ళు. కానీ పూర్తిగా మర్చిపోలేదు. ఆరో సీజన్లో 'లెసన్స్' అని ఒకటుంది, 1993ది. పికార్డ్ ఆ వేణువు బయటికి తీస్తాడు. ఓడలో పనిచేసే ఒక శాస్త్రవేత్త, ఆమె చుట్టి పెట్టుకునే పియానో ఒకటి తెచ్చుకుంటుంది, ఇద్దరూ ఓడ గోడల మధ్య పాకే సొరంగంలో కూర్చుని వాయిస్తారు, అక్కడ ధ్వని బాగుంటుందని. ఆ ఊరి గురించి ఆయన నోరు విప్పి చెప్పుకునేది ఆమెతోనే.

అడక్కుండా చేశారన్నది మాత్రం నిజమే. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఒకటే అనుకుంటాను, చచ్చిపోతున్నవాళ్ళు అడిగి పంపడానికి అవతల ఎవరున్నారో వాళ్ళకి తెలీదు. ఊరు మునిగిపోతుంటే సీసాలో చీటీ పెట్టి ఏట్లో వదిలినట్టు. అందుకునేవాడికి ఇష్టమా అని ఎలా అడుగుతారు?

నైట్‌షిఫ్ట్_న్యూజెర్సీ:

చీటీ అయితే చదవడమో మానడమో మన ఇష్టం. ఇక్కడ ఆ ఇష్టం లేదు, నా బాధ అదే. సరే, 'లెసన్స్' మళ్ళీ చూస్తాను, అది గుర్తు లేదు నాకు.

ఓరుగల్లు_వకీలు:

ఇష్టం, హక్కు అన్న మాటలు వచ్చాయి కాబట్టి నేనూ రాస్తాను. పదహారేళ్ళుగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. జూనియర్లకి నేను చూపించే ఎపిసోడ్ ఒకటుంది, అదే సిరీస్‌లో రెండో సీజన్, 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్', 1989 ఫిబ్రవరి. రాసింది మెలిండా స్నాడ్‌గ్రాస్, ఆవిడ స్వయంగా లాయరుగా పనిచేశారు, అది తెలుస్తూనే ఉంటుంది.

డేటా అనే ఆండ్రాయిడ్ ఓడలో ఆఫీసర్. అతన్ని విప్పి చూసి ఇంకా వేలమందిని తయారుచేస్తానని ఒక శాస్త్రవేత్త ఆర్డరు పట్టుకొస్తాడు. డేటా ఒప్పుకోడు, ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంటాడు. అప్పుడొస్తుంది అసలు ప్రశ్న: కంప్యూటరు రాజీనామా ఇవ్వగలదా, లేక ఓడలో సామానా? కోర్టు పెడతారు. స్టాఫ్ లేక, డేటా స్నేహితుడైన రైకర్‌నే ఎదుటి పక్షాన వాదించమంటుంది జడ్జి. వాదించకపోతే డేటా యంత్రమేనని అప్పటికప్పుడే తీర్పిస్తానంటుంది. (ఏ కోర్టులోనూ ఇది నిలవదు, అంత దగ్గరివాడు ఆ కేసు ముట్టుకోకూడదు. కానీ కథకి ఆ మెలికే ప్రాణం.)

రైకర్ బాగా వాదిస్తాడు, అదే అతని నరకం. డేటా చెయ్యి ఊడదీసి బల్ల మీద పెడతాడు. తరవాత వెనకాల స్విచ్ నొక్కుతాడు, డేటా బల్ల మీదకి వాలిపోతాడు. తన సీట్లోకి వెళ్ళి కూర్చున్న రైకర్ మొహం చూడండి. గెలిచినవాడి మొహం కాదు అది.

తీర్పు నాకు ఎందుకు నచ్చుతుందంటే, జడ్జి తనకి తెలియనిది తెలిసినట్టు చెప్పదు. డేటాకి ఆత్మ ఉందో లేదో నాకు తెలీదు, నాకే ఉందో లేదో తెలీదు, కానీ ఆ ప్రశ్న తనకి తాను వేసుకునే స్వేచ్ఛ అతనికి ఉండాలి అనే అర్థంలో తేలుస్తుంది. పెద్ద పెద్ద సిద్ధాంతాల జోలికి పోకుండా, తన ముందున్న మనిషి వెళ్ళొచ్చా లేదా అన్నంతవరకే చెప్పి ఆపుతుంది. తీర్పంటే అలా ఉండాలని మా సీనియర్ చెప్పేవారు. ఇప్పుడు రోజూ మాట్లాడే యంత్రాలతోనే పని చేస్తున్నాం కదా, ఇప్పుడు చూస్తే ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది.

ఉప్పుగాలి:

మేడమ్, ఓడలో బారు నడిపే గైనన్ సీను వదిలేశారు. పికార్డ్ ఓడిపోతున్నానని దిగాలుగా బారుకి వస్తే, పారేసినా ఎవరూ అడగని పనివాళ్ళు ప్రతి లోకంలోనూ ఉన్నారంటుంది ఆవిడ. ఆ మాట ఒక నల్లజాతి నటి, వూపీ గోల్డ్‌బర్గ్, మెల్లగా అంటుంటే బానిసత్వం అన్న పదం పికార్డ్ నోటి నుంచే వస్తుంది. వాదనంతా తిరిగింది అక్కడే.

ఓరుగల్లు_వకీలు:

అవును, కేసు గెలిచింది బారులోనే. రాయడం మర్చిపోయాను.

సెల్డన్_శిష్యుడు:

ఎపిసోడ్ల మధ్యలోకి నవల తెస్తున్నందుకు ఏమనుకోకండి, ఇది ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టదు. అసిమోవ్ 'ఫౌండేషన్' నేను డిగ్రీలో సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద అట్ట లేని కాపీ కొని చదివాను. 1942 నుంచి పత్రికలో కథలుగా వచ్చి 1951లో పుస్తకమైంది. అందులో గొప్పతనం ఏమిటి? చరిత్రని నడిపేది వీరులు కాదు, కోట్లమంది కలిసి నడుపుతారు అన్న ఒక్క ఊహ. గాలిలో ఒక్కో అణువు ఎటు పోతుందో చెప్పలేం, మొత్తం గాలి ఏం చేస్తుందో చెప్పగలం, మనుషులూ అంతే అంటాడు అందులో లెక్కల శాస్త్రవేత్త హారీ సెల్డన్. సాల్వర్ హార్డిన్ ఒక మామూలు మేయర్. తుపాకీ పట్టడు. ఎదుటివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఆపేలా చూస్తాడు, అంతే.

2021లో వచ్చిన సిరీస్‌లో ఆ హార్డిన్‌ని ఏం చేశారు? పుట్టుకతోనే ప్రత్యేకమైన మనిషిని చేశారు. ముందే తెలిసిపోయే శక్తులు, తల్లిదండ్రుల రహస్యం. ఆడమనిషిని చేసినందుకు నాకేం అభ్యంతరం లేదు, ఆ పాత్ర వేసినవాళ్ళు బాగా చేశారు. కానీ 'ప్రత్యేకమైన ఒక్కరు' కథ కాకూడదనే కదా ఆ పుస్తకం రాసింది! పుస్తకం ఏది కాదంటుందో సిరీస్ అదే చేసింది. ఇల్లు కొని పునాది తవ్వి అమ్ముకున్నట్టుంది.

నైట్‌షిఫ్ట్_న్యూజెర్సీ:

హార్డిన్ విషయంలో మీ మాట కరెక్టు. మరి క్లియాన్‌ల సంగతి? ఒకే చక్రవర్తిని మళ్ళీ మళ్ళీ క్లోన్ చేసి, కుర్రవాడిగా ఒకరు, నడివయసులో ఒకరు, ముసలివాడిగా ఒకరు, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటారు. ఇది పుస్తకంలో ఎక్కడా లేదు, సిరీస్‌లో మాత్రం అన్నిటికన్నా బలమైనది ఇదే. మొదటి సీజన్లో ఎనిమిదో ఎపిసోడ్ చూడండి. నీకు ఆత్మ లేదన్న మతపెద్దకి జవాబుగా చక్రవర్తి ఎడారిలో కాలినడకన మొక్కు నడుస్తాడు. ఒళ్ళంతా ఎండకి పొక్కిపోయి, పడిపోతూ లేస్తూ చివరికి గుహలో నీళ్ళలోకి దిగుతాడు. దర్శనం అయిందని బయటికొచ్చి చెప్తాడు, అందరూ మోకరిస్తారు. నిజానికి ఆయనకి ఏమీ కనపడలేదు. నమ్మకమైన మనిషి ఒక్కరికి అది తెలిసిపోతుంది, ఆ ఒక్కరు కూడా మనిషి కాదు, రోబో. ఆ చివరి పది నిమిషాలు నేను ఊపిరి బిగబట్టి చూశాను. పుస్తకంలో లేదని అది పారేయమంటారా?

సెల్డన్_శిష్యుడు:

పారేయమనను. ఆ చక్రవర్తిగా లీ పేస్ నటన నాకూ నచ్చింది. వేరే పేరు పెట్టి తీసి ఉంటే చేతులెత్తి దండం పెట్టేవాణ్ణి. ఆ పేరు పెట్టారు కాబట్టి ఆ పుస్తకం బాకీ తీర్చాలి అంటున్నాను, అంతే.

లెక్కల_మాస్టారు:

సిరీస్‌లు పుస్తకాన్ని ఎక్కడ పోగొట్టుకుంటాయో చెప్పడానికి నాకు 'త్రీ బాడీ ప్రాబ్లమ్' గుర్తొస్తుంది. లియు సిషిన్ నవల 2008లో చైనాలో పుస్తకంగా వచ్చింది, కెన్ లియు ఇంగ్లీషు చేస్తే 2015లో హ్యూగో వచ్చింది. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 2024లో ఎనిమిది ఎపిసోడ్లు తీశారు. పనామా కాలువలో ఓడని సన్నటి దారాలతో ముక్కలుగా కోసే ఎపిసోడ్ గురించే అందరూ మాట్లాడారు. బాగా తీశారు, కాదనలేం. ఓడలో పిల్లల్ని కూడా పెట్టి ఆ పని చేసినవాళ్ళ చేతులకి రక్తం కనపడేలా చేశారు.

కానీ కథంతా నిలబడింది యే వెన్‌జే అనే ఒక్క మనిషి మీద. సాంస్కృతిక విప్లవంలో, 1967లో, ఫిజిక్స్ ప్రొఫెసరైన ఆమె తండ్రిని అందరి ముందూ కొట్టి చంపుతారు. అది సిరీస్‌లో మొదటి సీనే, గట్టిగా ఉంది. (చైనాలో అచ్చయిన పుస్తకంలో ఈ భాగం లోపలెక్కడో సర్దారు, ఇంగ్లీషులో రచయిత ఇష్టప్రకారమే మళ్ళీ ముందుకి తెచ్చారు.) నన్ను కదిలించింది మాత్రం ఆ తరవాత వచ్చే చిన్న సంగతి. అడవుల్లో చెట్లు కొట్టే శిబిరంలో ఒకతను ఆమెకి ఒక పుస్తకం ఇస్తాడు, ప్రభుత్వానికి రాసిన ఉత్తరం ఒకటి చూపిస్తాడు. తన చెయ్యి వణుకుతోందంటే ఆమె కూర్చుని శుభ్రంగా తిరగరాసి పెడుతుంది. అధికారులు వచ్చినప్పుడు అతను ఆ ఉత్తరం ఆమెదే అంటాడు. దస్తూరీ ఆమెదే మరి. తండ్రిని చంపినవాళ్ళు శత్రువులు. ఇతను ఆమె నమ్మి సాయం చేసినవాడు. మనుషుల మీద ఆమెకి మిగిలిన ఆ కాస్తా అక్కడ పోయింది.

ఏళ్ళ తరవాత ఆకాశం నుంచి, వేరే గ్రహం నుంచి హెచ్చరిక వస్తుంది, జవాబివ్వొద్దు, జవాబివ్వొద్దు, జవాబివ్వొద్దు అని. ఆమె జవాబు పంపే బటన్ నొక్కుతుంది. పుస్తకంలో ఆ వేలు కదిలేటప్పటికి మనం ఆ ఉత్తరాన్ని మోస్తూ ఉంటాం. సిరీస్‌కి అంత ఓపిక లేదు, అయిదుగురు స్నేహితుల మధ్యకి పరిగెత్తింది. పెన్నా ఒడ్డు గారూ, మీరన్న ఇంటి సంగతి ఇదే, నా లెక్కలో.

చలిమంట:

నేను ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని. ఈ మాటల మధ్య ఒక సాయం అడగాలనిపించి రాస్తున్నాను. అర్సులా లె గ్విన్ 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' (1969) నా ప్రాణం. ఎప్పుడూ చలికాలమే ఉండే గ్రహం. అక్కడి మనుషులు ఆడా కాదు మగా కాదు, నెలలో కొన్ని రోజులు మాత్రం ఏదో ఒకటవుతారు, ఏదవుతారో ముందు తెలీదు. ఎవరైనా తల్లి కావచ్చు, ఎవరైనా తండ్రి కావచ్చు. మన లోకం నుంచి రాయబారిగా జెన్లీ అనే మగవాడు ఒక్కడే వెళ్తాడు. చివర్లో జెన్లీ, ఆ గ్రహం మనిషి ఎస్ట్రావెన్ ఇద్దరూ ఒక బండి లాక్కుంటూ ఎనభై రోజులు మంచు మీద నడుస్తారు, రాత్రి చిన్న గుడారంలో ఒక పొయ్యి పక్కన పడుకుంటారు. ఆ భాగం నా కోసం నేను తెలుగు చేసుకుంటున్నాను. అచ్చు వేయడానికి కాదు.

చిక్కు ఏమిటంటే ఇంగ్లీషులో ఆవిడ వాళ్ళందరినీ మగవాళ్ళ సర్వనామంతోనే రాశారు, అది సరిపోలేదని తరవాత వ్యాసాల్లో ఆవిడే ఒప్పుకున్నారు. తెలుగులో ఏం చెయ్యాలి? 'నేను వచ్చాను', 'నువ్వు వచ్చావు' దగ్గర బాధ లేదు, ఆడా మగా తేడా లేదు మనకి. ప్రథమ పురుష దగ్గరే పట్టేసుకుంటుంది. వచ్చాడు, వచ్చింది. 'వచ్చారు' అని రాస్తే ఆ తేడా పోతుంది, హాయిగా ఉంటుంది, కానీ మర్యాద వచ్చి మధ్యలో కూర్చుంటుంది. ఒకే దుప్పటి కింద వణుకుతున్న ఇద్దరిలో ఒకరు రెండోవారి గురించి 'వారు నిద్రపోయారు' అంటారా? నాకు మనసొప్పడం లేదు. నెలన్నరగా అదే పేజీ.

ఉప్పుగాలి:

'తను' వాడి చూడండి. మా ఇంట్లో అక్క గురించీ, బావ గురించీ ఇద్దరికీ అదే అంటాం.

చలిమంట:

వాడాను. 'తను' వరకూ బాగుంటుంది, క్రియ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వచ్చాడో వచ్చిందో తేలాల్సిందే. వాక్యం ముగియకూడదు, అలా అయితేనే కుదురుతుంది. 'తను పొయ్యి వెలిగించడం చూస్తూ పడుకున్నాను', 'తను నిద్రపోయాక బయట గాలి విన్నాను', ఇలా ఎదుటి మనిషి పని అంతా మధ్యలో ఉండిపోయి, చివర క్రియ జెన్లీది కావాలి.

ఓరుగల్లు_వకీలు:

అమ్మా, ఆ పుస్తకం నేనూ చదివాను, ఒక మాట చెప్పనా? ఆ మంచు ప్రయాణంలో కొన్ని అధ్యాయాలు ఎస్ట్రావెన్ డైరీ కదా. అక్కడ 'నేను' అంటారు, జెన్లీ ఎలాగూ మగవాడే, కాబట్టి అక్కడ మీకు చిక్కే లేదు. మిగిలింది జెన్లీ చెప్పే అధ్యాయాలు. అతను మొదట్నుంచీ చేస్తున్న తప్పు ఏమిటి, ఎస్ట్రావెన్‌ని మగవాడిగానే చూడటం, తనకి నచ్చని గుణం కనపడ్డప్పుడల్లా ఆడతనం అనుకోవడం. అందుకని మొదట్లో 'అతను', 'వచ్చాడు' అనే రాయండి. అది జెన్లీ గుడ్డితనం. గుడారంలో ఒక రాత్రి అతనికి ఎదుటి మనిషి మొత్తంగా కనపడుతుంది కదా, ఆ పేజీ నుంచి మీరు చెప్పిన ఆ ముగియని వాక్యాలు మొదలుపెట్టండి. చదివేవాళ్ళకి ఎందుకో తెలియకుండానే భాష మారినట్టు అనిపిస్తుంది.

చలిమంట:

ఇది చదివి లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ మొత్తం పుస్తకానికి ఒకే సర్వనామం వెతుకుతున్నాను. ఇంగ్లీషుకి కుదరని పని మన క్రియతో చేయొచ్చు కదా! ఈ రాత్రే మొదలుపెడతాను. చాలా థాంక్స్ అక్కా.

పాత_రేడియో:

పిల్లలూ, నాకు ఇంగ్లీషు సిరీస్‌లు అంతగా అలవాటు లేవు. 1975లో నాకు పదకొండేళ్ళు. మా ఊళ్ళో కరెంటు ఉన్న ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అలాంటి ఊళ్ళో పంచాయతీ వాకిట్లో ఒక టీవీ పెట్టారు. పక్కన పది అడుగుల గొడుగు లాంటి యాంటెన్నా, కోళ్ళకి కట్టే తీగవల లాంటి వలతో చేసింది. సైట్ అని పేరు. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఇస్రో వాళ్ళు ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి ఏడాదిపాటు కార్యక్రమాలు చూపించారు, మాకు తెలుగులోనే వచ్చేవి. సాయంత్రం ఊరంతా చాపలు తెచ్చుకునేవాళ్ళు. ఎరువుల గురించి చెప్తున్నా నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. 1976లో ఏడాది గడువు అయిపోగానే ఆ ఉపగ్రహాన్ని వాళ్ళు వెనక్కి జరుపుకున్నారు, మా టీవీలో చుక్కలు మాత్రం మిగిలాయి. ఆ గొడుగు వల చాలా రోజులు అలాగే ఉంది, దాని మీద పిచ్చుకలు వాలేవి.

హైదరాబాద్ హాస్టల్లో చేరాక ఆర్థర్ క్లార్క్ నవల ఒకటి దొరికింది, 'ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్', 1979ది. శ్రీలంక లాంటి దీవి మీద నుంచి ఆకాశంలోకి లిఫ్టు కడతారు. కొండ మీద భిక్షువుల మఠం, పాత రాజు కోట, ఆ పక్కనే ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తుకి వెళ్ళే తాడు. అట్ట వెనక చదివితే తెలిసింది, భూమితో సమంగా తిరిగే ఉపగ్రహాలతో ప్రపంచమంతా ప్రసారం చేయొచ్చని ఈయన 1945లోనే ఒక పత్రికలో రాశారని. మా పంచాయతీ వాకిట్లో టీవీకి బొమ్మ పంపిన ఉపగ్రహం ఉన్నది ఆ ఎత్తులోనే! సైట్ నడిచిన రోజుల్లో కొలంబోలో ఆయన ఇంటి మీద కూడా అలాంటి గొడుగు ఒకటి పెట్టారట. అంటే మేం చాప మీద కూర్చుని చూస్తున్న బొమ్మనే ఆ పెద్దాయన కూడా చూస్తూ ఉండి ఉంటారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

సెల్డన్_శిష్యుడు:

బాబాయ్ గారూ, ఈ సంగతి నాకు తెలీదు. పిచ్చుకల మాట దగ్గర ఆగిపోయాను.

లెక్కల_మాస్టారు:

అమ్మగారికి చూపించడానికి అయితే ఇంకొకటి, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాలో '33'. 2005లో హ్యూగో వచ్చింది. సరిగ్గా ముప్ఫై మూడు నిమిషాలకొకసారి శత్రువులు వచ్చిపడుతుంటారు, అయిదు రోజులుగా ఎవరికీ నిద్ర లేదు. ప్రెసిడెంటు దగ్గర ఒక తెల్ల బోర్డు, మానవజాతిలో మిగిలినవాళ్ళ లెక్క దాని మీద. ఎపిసోడ్ పొడుగునా ఆ అంకె తుడవడం, తగ్గించి రాయడం. చివర్లో ఎవరో ఒక కబురు చెప్తారు, ఆవిడ లేచి వెళ్ళి ఒకటి కలిపి రాస్తుంది. ఒక ఓడలో బిడ్డ పుట్టాడు. అంతే.

పెన్నా_ఒడ్డు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న రాత్రి వీడియో కాల్లో లాప్‌టాప్ ఎదురుగా పెట్టి అమ్మకి 'మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' చూపించాను. బొమ్మ ఆగి ఆగి వచ్చింది, అయినా లేవలేదు. చెయ్యి ఊడదీసి బల్ల మీద పెట్టగానే "అయ్యో" అంది. ఆ తరవాత కోర్టులో ఏం మాట్లాడుతున్నారో నేను చెప్తున్నా వినలేదు, "చెయ్యి మళ్ళీ పెట్టారా, పెట్టారా" అని రెండుసార్లు అడిగింది. తరవాతి సీన్లో రెండు చేతులూ చూపించాక కుదురుకుంది.

వకీలు గారూ, మీరు రాయనిది ఒకటి ఆమె పట్టుకుంది. మొదట్లో డేటా వెళ్ళిపోవడానికి సంచి సర్దుకుంటాడు చూడండి, పతకాలు, కెప్టెన్ ఇచ్చిన పుస్తకం, చనిపోయిన స్నేహితురాలి బొమ్మ. బట్టలు కాదు. తీర్పు రాకముందే అమ్మ అంది, "ఆ సంచి చూపిస్తే అయిపోయేది కదా, ఇంత గొడవెందుకు" అని. తరవాత పికార్డ్ కోర్టులో సరిగ్గా అదే చేశాడు. అమ్మ నా వైపు చూసింది.

నైట్‌షిఫ్ట్ గారూ, మీ అడక్కుండా చేశారన్న ప్రశ్న కూడా ఆమెని అడిగాను. కాసేపు ఆలోచించి, "నన్నడిగి ఇచ్చారా ఏంటి మీ నాన్నని, మిమ్మల్ని" అంది. దాన్ని మీకు జవాబుగా పంపడం లేదు, ఆమె అన్నది రాశానంతే.

వచ్చే ఆదివారం '33' అనుకుంటున్నాను. మాస్టారూ, అందులో ఎవరు ఎవరో తెలియడానికి ముందు ఏమైనా చూపించాలా, లేక నేరుగా పెట్టొచ్చా? మోకాళ్ళ నొప్పులు, గంట దాటితే కూర్చోలేదు.